సూపర్ నేపియర్ రిపోర్టులో టీడీఎన్ 61, గేదె మాత్రం 7 లీటర్ల దగ్గరే ఆగింది

గోదారి_గట్టు · సెప్టెంబర్ 3, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. 9 ముర్రా గేదెలున్నాయి. అందులో ఒకదాని గురించి రాస్తున్నా. రెండో ఈత, ఈని 70 రోజులు, బరువు 500 కిలోలు ఉంటుంది, వెన్న 7 శాతం. పోయిన ఈతలో ఇదే సమయానికి 10 లీటర్లు ఇచ్చింది. ఇప్పుడు ఆరున్నర, మహా అయితే ఏడు.

మేపు ఇది: పచ్చి సూపర్ నేపియర్ గడ్డి 25 కిలోలు, వరిగడ్డి 4 కిలోలు, దాణా 5 కిలోలు. నేపియర్‌ని ల్యాబ్‌కి పంపాను. ప్రొటీన్ 12.6, ఎన్‌డీఎఫ్ (మొత్తం పీచు) 61, ఏడీఎఫ్ (అందులో కష్టంగా అరిగే పీచు) 36, టీడీఎన్ (పశువుకి అరిగే పోషకాల మొత్తం) 61 శాతం అని వచ్చింది. నేపియర్‌లో నాలుగో వంతు పొడి పదార్థం ఉంటుందని ఒక వీడియోలో చెప్పారు. ఆ లెక్కన 25 కిలోల్లో 6.25 కిలోల పొడి, అందులో 61 శాతం అంటే 3.8 కిలోల టీడీఎన్. వరిగడ్డిలో, దాణాలో పదో వంతు తేమ తీసేశాను. వరిగడ్డికి పుస్తకంలో ఉన్న 45 వేసుకుంటే 1.6. దాణాకి 72 వేస్తే 3.2. మొత్తం 8.6 కిలోలు.

గేదె ఒంటి పోషణకి సుమారు 4 కిలోల టీడీఎన్ కావాలి, లీటరు పాలకి 0.46 చొప్పున 10 లీటర్లకి 4.6. సరిగ్గా సరిపోయింది కదా! మరి పాలు ఏవి? పురుగుల మందు వేశాను, పొదుగు వాపు లేదు, డాక్టర్ గారు వచ్చి చూసి వెళ్ళారు. కాగితం మీద అంతా బాగుంది.

పెరుగన్నం · సెప్టెంబర్ 3, ఉదయం 8:15

కాగితం గేదె తినదు అన్నా. నేను 22 ఏళ్ళుగా పాడి చేస్తున్నా, ఒక్క ల్యాబ్‌కీ డబ్బు కట్టలేదు. రెండు గుప్పిళ్ళ పేడ తీసుకుని జల్లెడలో వేసి, కుళాయి కింద నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగు. ఏం మిగిలిందో చూడు. అరంగుళం కంటే పొడుగు పీచు గుప్పెడు మిగిలితే మేత ముదిరిందని అర్థం. జొన్న గింజలో మొక్కజొన్న గింజలో నిండుగా కనిపిస్తే దాణా సరిగ్గా నలగలేదన్నమాట. దీనికి రిపోర్టు దేనికి?

పరీక్షనాళిక · సెప్టెంబర్ 3, మధ్యాహ్నం 1:20

పెరుగన్నం గారి జల్లెడను నేను కొట్టిపారేయను. మంచి పద్ధతే. కానీ పీచు ఎక్కువుందని చెప్తుందే తప్ప ఎంత దాణా పెంచాలో చెప్పదు.

గోదారి_గట్టు గారూ, నేను పశు దాణా ల్యాబ్‌లో 11 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ముందు ఒక చిన్న పని చేయండి. క్యాలిక్యులేటర్ తీసి 36ని 0.779తో గుణించి, వచ్చింది 88.9లోంచి తీసేయండి. ఎంతొచ్చింది?

గోదారి_గట్టు · సెప్టెంబర్ 3, మధ్యాహ్నం 1:34

60.86. అరె! అదేనా 61?

పరీక్షనాళిక · సెప్టెంబర్ 3, మధ్యాహ్నం 2:05

అదే. మీ గడ్డి జీర్ణతని ఎవరూ కొలవలేదు. ఏడీఎఫ్ మాత్రం కొలిచారు. అంటే గడ్డిని ఆమ్లం కలిపిన డిటర్జెంట్‌లో గంటసేపు మరిగించి, కరగకుండా మిగిలిన సెల్యులోజ్, లిగ్నిన్‌లను తూచారు. ఆ అంకెని సూత్రంలో వేస్తే 61 వచ్చింది. ఆ సూత్రం అమెరికాలో ల్యూసర్న్, చలిదేశపు గడ్డుల మీద కట్టింది. మన నేపియర్‌కీ, ముఖ్యంగా వరిగడ్డికీ అది కొలత కాదు, అంచనా. పైగా ఆ సూత్రం ఇచ్చేది పొడి పదార్థం జీర్ణత. దాన్నే టీడీఎన్ గడిలో రాసేయడం అలవాటైపోయింది. రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి గానీ ఒకటి కాదు.

ఇందులో మోసం ఏమీ లేదు. ఏ పద్ధతో పక్కన రాయకపోవడమే తప్పు. చాలా రిపోర్టుల్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఈసారి పంపేముందు ఫోన్ చేసి "టీడీఎన్ కొలుస్తారా, లెక్క కడతారా?" అని అడగండి.

ఇప్పుడు అసలు ప్రశ్నలు. నమూనా ఎలా తీశారు? కోతకి ఎన్ని రోజులు? గేదె తింటున్నదీ మీరు పంపిందీ ఒకే మడిలోదా?

గోదారి_గట్టు · సెప్టెంబర్ 3, రాత్రి 9:10

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. బైక్ మీద వెళ్తూ గట్టు పక్కన మడిలో చేత్తో ఓ పది ఆకులు, చివర్లు తుంపి పాలిథిన్ కవర్లో వేసుకుని ఇచ్చి వచ్చాను. అది 40 రోజుల గడ్డి. గేదెలు ఇప్పుడు తింటున్నది లోపలి మడిది. వానలకి కోయడం కుదరక 70 రోజులు దాటింది. నాకంటే ఎత్తుంది.

పెరుగన్నం · సెప్టెంబర్ 3, రాత్రి 9:22

😀 నీ గేదెకి కాదు, మేకపిల్లకి రిపోర్టు తెచ్చావు అన్నా.

విశ్రాంత_పశువైద్యుడు · సెప్టెంబర్ 4, ఉదయం 5:50

నవ్వకండి, అందరం చేసే తప్పే ఇది.

జీర్ణత కొలవడం అంటే అసలు ఏమిటో ఒకసారి చెప్తాను. నేను పీజీ చేసేటప్పుడు నాలుగు దున్నల మీద జీర్ణత పరీక్ష పెట్టాం. సిమెంటు గచ్చు, ఒక్కోదానికీ విడి గాడి. మొదటి పది రోజులు కొత్త మేపుకి అలవాటు చేశాం. తర్వాత ఏడు రోజులు వేసింది తూచాలి, గాడిలో మిగిల్చింది తూచాలి, వేసిన పేడంతా తూచాలి. పగలూ రాత్రీ వంతులు. రాత్రి రెండింటికి దున్న లేచిన చప్పుడైతే పార పట్టుకుని పరిగెత్తాలి, లేకపోతే పేడ మూత్రంలో కలిసి లెక్క పోతుంది. ఒకరోజు నా జతగాడు నిద్రపోయాడు. ఆ రోజు అంకెలన్నీ కొట్టేశాం.

లెక్క మాత్రం చిన్నపిల్లలది. దున్న 6 కిలోల పొడి పదార్థం తిని, 3 కిలోల పొడి పేడ వేస్తే జీర్ణత 50 శాతం. అసలు కొలత ఇదొక్కటే. ల్యాబ్‌లో చేసేవన్నీ దీనికి దగ్గరగా రావడానికి పడే పాట్లు.

మరో మాట. గడ్డిలో శక్తి లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బూడిద తీసేసి బాంబ్ కెలోరీమీటర్‌లో కాలిస్తే వరిగడ్డీ మొక్కజొన్న గింజా దాదాపు ఒకే వేడి ఇస్తాయి. మండితే ఒకటే, అరిగితే ఒకటి కాదు. కిలో టీడీఎన్ అంటే 4.4 మెగా క్యాలరీల జీర్ణశక్తి. అందులో మీథేన్ త్రేన్పులూ మూత్రం కింద పోయేవి తీసేస్తే 3.6 దాకా పశువు ఒంటికి పనికొస్తుంది.

స్టుట్‌గార్ట్_సుబ్బు · సెప్టెంబర్ 4, మధ్యాహ్నం 12:45

డాక్టర్ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఉండే చోటికి ట్రామ్ దూరంలోనే హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం. గ్యాస్ పరీక్ష పుట్టింది అక్కడే. మెంకె బృందం 1979లో ప్రచురించింది. చదువులో భాగంగా ఆ ల్యాబ్‌లో కొన్ని వారాలు పనిచేశాను.

మేత పొడి 200 మిల్లీగ్రాములు, అంటే గోటి మీద పట్టేంత. దాన్ని 100 మి.లీ. గాజు సిరంజిలో వేస్తారు. పిస్టన్‌కి వాజ్‌లైన్ రాస్తారు, ఇరుక్కోకుండా. రూమెన్ (పశువు మొదటి పొట్ట) రసం ఒక పాలు, లాలాజలం లాంటి ద్రావణం రెండు పాళ్ళు కలిపి 30 మి.లీ. పోసి 39 డిగ్రీల వేడిలో పెడతారు. సూక్ష్మజీవులు మేతని తింటుంటే గ్యాస్ పుట్టి పిస్టన్ దానంతట అదే పైకి జరుగుతుంది. 24 గంటలకి ఎక్కడ ఆగిందో చూసి రాసుకోవడమే. మొక్కజొన్న పిండి సిరంజి 70 దాటిపోతుంది. గడ్డి సిరంజి బద్ధకంగా 25, 30 దగ్గర కూర్చుంటుంది. ఈ గ్యాస్ అంకెకి ప్రొటీన్, కొవ్వు లాంటివి జోడించి శక్తి లెక్క కడతారు. జర్మనీలో పశుదాణా శక్తి సమీకరణాల్లో ఇప్పటికీ ఈ గ్యాస్ వాడతారు.

వాసన గురించి అడగకండి. తలకి రెండుసార్లు షాంపూ చేసినా ట్రామ్‌లో పక్కవాళ్ళు జరిగి కూర్చునేవారు.

పరీక్షనాళిక · సెప్టెంబర్ 4, సాయంత్రం 6:30

సుబ్బు గారూ, ఆ వాసన బాధ నాకూ తెలుసు. మేం వాడేది అంతకంటే పాతది, టిల్లీ, టెర్రీ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో 1963లో పెట్టిన రెండంచెల పద్ధతి. డొక్కకి రబ్బరు మూత పెట్టిన ఎద్దు ఒకటి ఉంటుంది. పొద్దున్నే మేపు వేయకముందే మూత తీసి, రూమెన్‌లోంచి పిడికిళ్ళతో పట్టి, నాలుగు మడతల మస్లిన్ గుడ్డలో పిండి, ముందే వేడినీళ్ళతో కాచి పెట్టిన థర్మాస్ ఫ్లాస్క్‌లో పోస్తాం. గాలి తగిలితే, చల్లబడితే ఆ జీవులు చచ్చిపోతాయి, అందుకని మూత పెట్టి పరుగే. గొట్టంలో అరగ్రాము మేతపొడి మీద ఆ రసం పోసి 48 గంటలు. తర్వాత పెప్సిన్ (ప్రొటీన్‌ని అరిగించే ఎంజైమ్), ఆమ్లంతో మరో 48 గంటలు. చివరికి వడకట్టి, మిగిలిందాన్ని ఆరబెట్టి తూస్తాం. నాలుగు రోజుల పని. అందుకే చాలా ల్యాబ్‌లు ఏడీఎఫ్ సూత్రంతో సరిపెట్టుకుంటాయి.

ఇందులో ఒక లొసుగుంది. ఎద్దు ఈ వారం ఏం తింటోందో దాన్నిబట్టి రసం మారిపోతుంది. వరిగడ్డి మాత్రమే తింటున్న ఎద్దు రసంలో అంకె ఒకలా, పచ్చిమేత తింటుంటే ఒకలా వస్తుంది. అందుకే ప్రతి బ్యాచ్‌లోనూ జీర్ణత ముందే తెలిసిన ఒక మేత గొట్టం పెడతాం. ఆ గొట్టం అంకె తప్పితే బ్యాచ్ మొత్తం పారేస్తాం. పోయిన సంక్రాంతికి ముందు అలా 42 నమూనాలు పారబోశాం.

ఎర్రనేల · సెప్టెంబర్ 4, రాత్రి 10:05

నారాయణపేట దగ్గరి నుంచి. మాది జొన్న చొప్ప ఇలాకా. ల్యాబ్ రిపోర్టు దేనికన్న పెరుగన్నం మాటకి ఒక సంగతి. ఇరవై ఏళ్ళ కింద పటాన్‌చెరువు ఇక్రిశాట్‌లో ఇల్రి (అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ) వాళ్ళు హైదరాబాద్‌లో చొప్ప అమ్మే వ్యాపారుల దగ్గర నమూనాలు కొని జీర్ణత పరీక్ష చేశారు. ఏ చొప్పకి ధర ఎక్కువ పలికిందో దాని జీర్ణతే ఎక్కువగా తేలింది. 47 నుంచి 52 శాతం మధ్యనే తేడా, ధరలో మాత్రం పావు వంతు దాకా. వ్యాపారికి ఏడీఎఫ్ తెలియదు, రంగు చూసి, కాడ విరిచి, నమిలి ధర కట్టాడు. మా నాయన కూడా కాడ విరిచి నాలుకకి తాకించి చూసేవాడు, తియ్యగుంటేనే బేరం.

పెరుగన్నం · సెప్టెంబర్ 4, రాత్రి 10:11

చూశారా! నేను చెప్పేదీ ఇదే.

పరీక్షనాళిక · సెప్టెంబర్ 4, రాత్రి 10:40

చొప్పకి సరే. వరిగడ్డి దగ్గర కన్ను మోసపోతుంది. మామూలు పైరులో ఆకు మెత్తన, కాడ గట్టి. వరిలో తిరగేసి ఉంటుంది. ఆకులో సిలికా ఎక్కువ, అందుకని కాడే బాగా అరుగుతుంది. ఆకు నిండుగా ఉన్న గడ్డి కట్ట చూసి ముచ్చటపడి కొంటాం. పైగా ఇప్పుడు కోత మిషన్ వెనక బేలర్‌తో చుట్టిన గడ్డిలో మట్టి కూడా కలుస్తుంది. ఒకసారి ఒక బేల్ నమూనా కాలిస్తే 22 శాతం బూడిద మిగిలింది. మిషన్ తప్పని అనను, పొలం తడిగా ఉన్నప్పుడు చుట్టారు.

గోదారి_గట్టు · సెప్టెంబర్ 5, ఉదయం 7:00

అక్కా, అయితే ఈసారి సరిగ్గా తీస్తాను. ఎలా పంపాలో చెప్పండి. వరిగడ్డి కూడా పంపుతా.

పరీక్షనాళిక · సెప్టెంబర్ 5, ఉదయం 11:15

చాఫ్ కట్టర్ (గడ్డి ముక్కలు కోసే మిషన్) కిందనుంచి తీయండి, మడిలోంచి కాదు. గేదె గాడిలో పడేదే నాకు కావాలి. మూడు రోజులు, రోజూ పూటకి రెండు గుప్పిళ్ళు. అంతా పట్టా మీద పోసి బాగా కలిపి, గుండ్రంగా పరచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మళ్ళీ కలపండి, మళ్ళీ తీసేయండి. చివరికి అరకిలో మిగిలాలి. అది వెంటనే తూచి బరువు రాసిపెట్టుకోండి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పంపండి. పాలిథిన్ వద్దు. పచ్చిగడ్డి కవర్లో రెండు రోజులు ఉంటే వేడెక్కి చక్కెరలన్నీ సూక్ష్మజీవులే తినేస్తాయి, నేను కొలిచేది మిగిలిన పీచుని. ఎండబెట్టడానికి పొయ్యి మీద పెట్టకండి. మేం కూడా 60, 65 డిగ్రీలు దాటనివ్వం. మాడితే ప్రొటీన్ పీచుకి అతుక్కుని అరగదు.

పొడి పదార్థం మాత్రం మీ ఇంట్లోనే కొలవచ్చు. మైక్రోవేవ్ ఉందా? 100 గ్రాముల ముక్కలు పేపర్ ప్లేట్‌లో, మూలన ఒక గ్లాసు నీళ్ళు. ముందు మూడు నిమిషాలు, తర్వాత ఒక్కో నిమిషం, ప్రతిసారీ తూచండి. బరువు తగ్గడం ఆగిపోతే అదే పొడి. వంటింటి తక్కెడ చాలు.

గోదారి_గట్టు · సెప్టెంబర్ 6, రాత్రి 8:30

మైక్రోవేవ్ చేశాను. మొదటి ప్లేటు ఏడో నిమిషంలో పొగ వచ్చి మాడింది. ఇల్లంతా గడ్డివాము తగలబడ్డ వాసన. మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు. రెండో ప్లేటు జాగ్రత్తగా చేశాను. 100 గ్రాములు 18 గ్రాముల దగ్గర ఆగిపోయింది. మూడోది కూడా 18.

వీడియోలో చెప్పిన 25 ఎక్కడ?

విశ్రాంత_పశువైద్యుడు · సెప్టెంబర్ 7, ఉదయం 6:05

వానాకాలం నేపియర్‌లో నాలుగో వంతు పొడి రావడం చాలా అరుదు బాబూ. నీళ్ళు మోస్తోంది గేదె. ఇక్కడే నీ లెక్క సగం కూలిపోయింది, రిపోర్టు వచ్చాక చూడు.

గోదారి_గట్టు · సెప్టెంబర్ 26, సాయంత్రం 5:40

రిపోర్టులు వచ్చాయి. ఈసారి పద్ధతి పేరు కూడా రాసి ఇచ్చారు.

నేపియర్, 72 రోజులు: ప్రొటీన్ 7.4, ఎన్‌డీఎఫ్ 71, ఏడీఎఫ్ 44. సూత్రం ప్రకారం 54.6 రావాలి, రూమెన్ రసంలో కొలిస్తే 51.
వరిగడ్డి: ప్రొటీన్ 3.6, ఏడీఎఫ్ 53. సూత్రం 47.6 అంటోంది, కొలిస్తే 41.

పాత లెక్క మళ్ళీ కట్టాను. నేపియర్ 25 కిలోల్లో పొడి 4.5, అందులో 51 శాతం అంటే 2.3 కిలోలు. వరిగడ్డి 1.5. దాణా 3.2 అలాగే ఉంచాను. మొత్తం 7. ఒంటికి 4 పోతే 3 మిగిలింది, 0.46తో భాగిస్తే ఆరున్నర లీటర్లు.

ఆరున్నర! గేదె రోజూ నాకు ఇదే చెప్తోంది, నేను వినలేదు. నేపియర్‌లో 1.5 కిలోలు తగ్గితే అందులో కిలో పైగా నీళ్ళ లెక్క తప్పడం వల్లే. గడ్డి ముదరడం వల్ల పోయింది అరకిలో లోపే. రూ. 0 ఖర్చుతో మైక్రోవేవ్‌లో తేలాల్సిన సంగతి.

పెరుగన్నం · సెప్టెంబర్ 26, రాత్రి 7:15

సున్నా కాదు, ఓవెన్ సంగతి ఇంట్లో అడుగు.

సరే, ఒప్పుకుంటున్నా. జల్లెడ నీళ్ళ లెక్క చెప్పదు. నా నేపియర్ కూడా రేపు కొలుస్తా.

ఎర్రనేల · సెప్టెంబర్ 26, రాత్రి 9:00

మరిప్పుడు ఏం చేస్తారు? దాణా పెంచుతారా?

పరీక్షనాళిక · సెప్టెంబర్ 27, ఉదయం 10:20

దాణా ఒక్కటే పెంచి 10 లీటర్లు పట్టాలంటే రెండు కిలోలకి పైనే వేయాలి. డబ్బు సంగతి సరే, పొట్టలో ఆమ్లం పెరిగి వెన్న పడిపోతుంది. నేనైతే ఇలా చేస్తా. నేపియర్ 45, 50 రోజులకే కోత. లేత గడ్డిలో నీళ్ళు ఇంకా ఎక్కువ ఉంటాయి కాబట్టి పొద్దున కోసి సాయంత్రం దాకా వాడ్చి వేయండి. వాడ్చితే అదే పొట్టలో ఎక్కువ పడుతుంది. హెడ్జ్ ల్యూసర్న్ గానీ పిల్లిపెసర గానీ, అలాంటి పప్పుజాతి పచ్చిమేత ఉంటే ఐదారు కిలోలు కలపండి, నేపియర్‌లో ప్రొటీన్ 7.4 శాతమే కాబట్టి అది కావాలి.

వరిగడ్డికి యూరియా ఊరవేత. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరపొరకీ చల్లుతూ తొక్కి, గాలి పోకుండా కప్పి 21 రోజులు. తీశాక కాసేపు ఆరనిచ్చి ఘాటు పోయాకే వేయాలి. యూరియా నీళ్ళ బకెట్ మాత్రం పశువుల దగ్గర వదలకండి, తాగితే బతకవు.

విశ్రాంత_పశువైద్యుడు · సెప్టెంబర్ 27, సాయంత్రం 4:30

అన్నీ ఒకేసారి మార్చకు. వారం, పది రోజులు పట్టనివ్వు, రూమెన్‌లో జీవులు కొత్త మేపుకి తిరగాలి. ఇంకో సంగతి, ఈని నాలుగో నెలలోకి వస్తోంది కాబట్టి 10 లీటర్లు ఈ ఈతలో తిరిగి రాకపోవచ్చు. ఎనిమిదికి వస్తే సంతోషించు.

గోదారి_గట్టు · అక్టోబర్ 22, రాత్రి 8:50

ఇవాళ్టికి పూటపూటా కలిపి 7.8. రెండు వారాలుగా అక్కడే నిలబడింది, వెన్న 7.1. దాణా అర కిలో మాత్రమే పెంచాను. ఊరవేసిన గడ్డి మొదటి రోజు మూతి తిప్పుకుంది, మూడో రోజు నుంచి గాడి నాకుతోంది.

48 రోజుల నేపియర్ నమూనా కూడా నాలుగు భాగాలు చేసి, గుడ్డ సంచిలో వేసి ఇవాళే బస్సులో పంపాను. కండక్టర్ ఇదేంటని అడిగితే గడ్డి అన్నాను, నమ్మలేదు, విప్పి చూశాడు.

పరీక్షనాళిక · అక్టోబర్ 22, రాత్రి 9:15

పచ్చిగా ఉన్నప్పటి బరువు సంచి మీద రాశారా? పోయినసారి రాయలేదు.

గోదారి_గట్టు · అక్టోబర్ 22, రాత్రి 9:17

అయ్యో.